ఏరు సున్నా అన్న పూట

విచారణ అని పేరే గానీ అక్కడ విచారించేదేమీ లేదని గదిలోకి అడుగు పెట్టగానే లెయ్దీకి తెలిసిపోయింది. ఎల్ రెమాన్సో ఊరి మునిసిపల్ ఆఫీసు మేడ మీద పొడవాటి బల్ల, దానికి ఒక పక్క వరసగా కుర్చీలు, రెండో పక్క ఒక్కటంటే ఒక్క కుర్చీ. ఆ ఒంటి కుర్చీలో, ఊరంతా గౌరవంగా దోన్యా అని పిలిచే రుబియెలా కూర్చుని ఉంది. ఏటి కాపలా గదిలో ఏళ్ళ తరబడి వేసుకున్న నారింజ రంగు కోటుని ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఒళ్ళో ఉంచుకుంది. అడక్కముందే ఇచ్చేసి పోదామని తెచ్చుకున్నట్టుంది.

ఊరికి ఎగువన, కొండల నడిమి ఇరుకులో, మొరీతా ఏటి మీద నీటిమట్టం కొలిచే పరికరం ఒకటి స్తంభానికి బిగించి ఉంటుంది. అది పంపే అంకె కాపలా గదిలో స్క్రీన్ మీద కనిపిస్తుంది. అంకె ప్రమాదం గీత దాటితే స్క్రీన్ ఎర్రబడుతుంది, కాపలా మనిషి సైరన్ నొక్కుతుంది, ఊరంతా కొండమీదికి పరిగెత్తుతుంది. రెండు వారాల కిందట ఒక వానపూట స్క్రీన్ ఎర్రబడింది, రుబియెలా నొక్కింది, జనం పరిగెత్తారు. ఏరు మాత్రం ఏమీ ఎరగనట్టు తన దారిన తాను పోయింది. బడి మెట్ల మీద కాలు జారిన రొట్టెల దోన్ అబెలార్దో మళ్ళీ లేవలేదు.

ఆ స్క్రీన్ వెనక నడిచే ప్రోగ్రాము రాసింది మనిసాలెస్ నగరంలోని ఒక చిన్న కంపెనీ. లెయ్దీ అందులో ప్రోగ్రామర్. కంపెనీ యజమాని ఫాబియాన్ దారి పొడుగునా జీపు నడుపుతూ ఒకటే మాట చెప్పాడు: అడిగితేనే నోరు విప్పు, అడిగినా ముందు నా వైపు చూడు.

బల్లకి అవతల సెక్రటరీ నోర్బెర్తో కూర్చున్నాడు. ఊళ్ళో మేయర్ పేరుకే, పనంతా ఈయనదే. గొంతు పెంచే మనిషి కాదు. మెత్తగా అడిగాడు.

"ఎరుపు పక్కనే తొంభై ఐదు అని కూడా ఉంది కదా, దోన్యా. ప్రమాదం గీత నూటయాభై. ఏది ఎక్కువో మీకు తెలీదా?"

"తెలుసు సెక్రటరీగారూ. నేనూ బడికి వెళ్ళాను," అంది రుబియెలా. "ఎర్రబడితే నొక్కమని నేర్పింది మీరే. ఎర్రబడ్డాక లెక్కలు చేస్తూ కూర్చోమని ఎవరూ నేర్పలేదు. అది అబద్ధమాడుతుందని తెలిస్తే దాని మొహమే చూసేదాన్ని కాదు."

ఒకరిద్దరు నవ్వు ఆపుకున్నారు. లెయ్దీకి నవ్వు రాలేదు. రుబియెలా అన్నదాంట్లో అక్షరం తప్పులేదని ఆ గదిలో ఇద్దరికే తెలుసు, తనకీ ఫాబియాన్‌కీ. ఆ ఇద్దరూ బల్లకి క్షేమమైన పక్కనే కూర్చున్నారు.

ప్రోగ్రాము రాసిన జావాస్క్రిప్ట్ అనే భాష మహా మొహమాటస్తురాలు. చేతికేమిచ్చినా కాదనదు, ఇచ్చినవాళ్ళ ఉద్దేశం తనే ఊహించుకుని సర్దుకుపోతుంది. పరికరం పంపేది నిజానికి అంకె కాదు, అంకెలా కనిపించే రాత. ప్రమాదం గీత మాత్రం ప్రోగ్రాములో అచ్చమైన అంకెగా ఉండేది. ఒకటి రాత, ఒకటి అంకె అయినప్పుడు ఆ భాష రాతని కూడా అంకె చేసుకుని పోలుస్తుంది, అందుకే ఇన్నేళ్ళూ గొడవ రాలేదు. ఆ వానపూట నోర్బెర్తో గీతని 120 నుంచి 150కి పెంచుదామనుకుని స్క్రీన్ మీద గడిలో తన చేత్తో టైపు చేశాడు. గడిలో టైపు చేసింది కూడా రాతే. రెండూ రాతలయ్యేసరికి భాష వాటిని నిఘంటువులో మాటల్లా మొదటి అక్షరం పట్టి పోల్చింది. 95లో మొదటిది తొమ్మిది, 150లో మొదటిది ఒకటి. తొమ్మిది పెద్దది, కాబట్టి 95 పెద్దది. స్క్రీన్ ఎర్రబడింది. ఆ సాయంత్రమే ఫాబియాన్ మనిసాలెస్ నుంచి పాత గీతని తిరిగి పెట్టేశాడు. ఎరుపు పోయింది, దానితో పాటే రుజువూ పోయింది.

ప్రోగ్రాములో లోపమేమైనా ఉందా అని బల్ల చివర నుంచి ఎవరో అడిగారు. ఫాబియాన్ దగ్గి, అంకె సరిగ్గానే చూపించింది కదా అన్నాడు. వానకి సిగ్నల్ తడబడి రంగు మారి ఉంటుంది, రంగు సలహా మాత్రమే, నిర్ణయం మనిషిది, ఒప్పందంలో కూడా అలాగే ఉంది అన్నాడు.

"మీరేమంటారు, ఇంజనీరమ్మా?" అని నోర్బెర్తో ఆమె వైపు తిరిగాడు.

లెయ్దీ ఫాబియాన్ వైపు చూసింది. ఆయన పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు. ఆమె ల్యాప్‌టాప్ మూతని మెల్లగా కిందికి దించి, రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది. గుమాస్తా వేళ్ళు కీబోర్డు మీద ఆపి కాచుకున్నాడు. వీధిలో పాతసామాన్ల బండి కేక వినిపించి దూరమైంది.

"లోపం లేదు అని రాసుకో," అన్నాడు నోర్బెర్తో గుమాస్తాతో.

రుబియెలా లేచి కోటు బల్ల మీద పెట్టింది. మడతలో నలిగిన కోటు చెయ్యి ఒకటి సాపు చేసింది. ఇక మీదట సైరన్ తాళం తన దగ్గరే ఉంటుందని, తను చెప్తే తప్ప ఎవరూ ముట్టుకోరని నోర్బెర్తో ప్రకటించాడు. అందరూ సరే అంటే సరే అన్నారు.

*

తిరుగు దారిలో ఫాబియాన్‌కి ఎక్కడలేని దయ పుట్టుకొచ్చింది. టీ కొట్టు దగ్గర జీపు ఆపి ఆమెకి పనేలా బెల్లం నీళ్ళు, చీజ్ ముక్క ఇప్పించాడు. ఆ ముసలాయన ఎలాగూ జారేవాడే, మెట్లు అలాంటివి అన్నాడు. రుబియెలాకి రెండు నెలల్లో ఇంకేదో పని చూపిస్తారు, మనకి ఒప్పందం పోతే ఎనిమిదిమంది రోడ్డు మీద పడతారు, అందులో నువ్వొకతెవి అన్నాడు. ఇంటికెళ్ళి ఆ పోలిక సంగతి గుట్టుగా సరిచేసెయ్యమన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసులో లెయ్దీ అదే చేసింది. పరికరం నుంచి వచ్చే రాతని, గడిలో టైపు చేసే రాతని, రెండింటినీ లోపలికి రాగానే అంకెలుగా మార్చేసేలా రాసింది. ఇక ఎవరు ఎక్కడ టైపు చేసినా 95 ఎప్పటికీ 150ని దాటలేదు. పని మొత్తం ప్రోగ్రాములో ఒక్క వరస. తుడిచిన అద్దంలా ఉందని తనకే ముచ్చటేసింది. 95 ఇచ్చి చూసింది, 149, 150, 151, 300 ఇచ్చి చూసింది. ఎర్రబడాల్సిన చోట ఎర్రబడింది.

ఆమె రాసిన వరస కింద ఎప్పటిదో పాత వరస ఒకటి ఉంది. పరికరం ఏదైనా చెప్తే అది చూపించు, ఏమీ చెప్పకపోతే కిందటిసారి చెప్పినదాన్నే చూపించు అని దాని అర్థం. వానల్లో సిగ్నల్ పోయి ఖాళీ రాత వచ్చినప్పుడు స్క్రీన్ బోసిపోయి కౌన్సిలర్లు కంగారు పడుతున్నారని ఫాబియాన్ పెట్టించిన వరస అది. లెయ్దీ దాని మీదుగా చూపు పోనిచ్చి కిందికి వెళ్ళిపోయింది. మంచి వరసే, ఎవరికీ ఏ బాధా పెట్టలేదు.

ఆ పూట ఆమె అన్నం సయించక వదిలేసింది. సరిచేసిన పని చూసినప్పుడల్లా, మడతపెట్టిన కోటు కళ్ళముందుకి వస్తోంది. ఇది సిగ్గు అని ఆమెకి తెలుసు. వేరే పేరు పెట్టి దాన్ని మోసం చెయ్యాలని కూడా ఆమె ప్రయత్నించలేదు.

*

ఆ వారమంతా వాన పడుతూనే ఉంది. కొత్త ప్రోగ్రాము కాపలా గదిలో పెట్టి, కొత్త మనిషికి నేర్పి రమ్మని ఫాబియాన్ లెయ్దీని పంపాడు. దారిలో రెండు చోట్ల కొండచరియలు జారి బురద రోడ్డు మీదికి వచ్చింది, బస్సు ఒక పక్క చక్రాలు గాల్లో పెట్టుకున్నట్టే దాటింది. ఊళ్ళో దిగేసరికి మొరీతా ఏరు కాఫీ రంగులో బుసలు కొడుతోంది. రాత్రి ఊరి సత్రంలో పడుకుంటే ఆ చప్పుడు గోడల్లోంచి వినిపించింది.

పొద్దున్నే వంతెన మొగలో అరేపాలనే మొక్కజొన్న రొట్టెలు కాల్చే పొగ కనిపించి అటు నడిచింది. పొయ్యి వెనక రుబియెలా. వెనక్కి తిరిగి పోదామనుకునేలోపే ఆవిడ చూసేసింది.

"రా ఇంజనీరమ్మా, రా. తినేవాళ్ళకి నా దగ్గర విచారణ లేదు."

అరేపాని చేత్తోనే తిప్పింది, వేళ్ళకి వేడి తగలనట్టు. మీద చీజ్ తురుము చల్లి అరటాకు ముక్కలో పెట్టి ఇచ్చింది. లెయ్దీ తింటూ నిలబడింది. చెప్పాలనే వచ్చానని ఆమెకి ఇప్పుడు తెలిసింది, వచ్చేదాకా తెలీదు. నోట్లో ముద్ద మింగి, దోన్యా, ఆ రోజు స్క్రీన్, అని మొదలుపెట్టింది.

అంతలో ఒకామె బుట్టతో వచ్చి, రుబియెలాని చూసి, బురదైనా సరే అని రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్ళిపోయింది. ముప్పై దాటిన మనిషి, సంతాపానికి వేసుకున్న నల్ల చొక్కా, చేతులకి పిండి.

"ఎదిల్మా. దోన్ అబెలార్దో కూతురు," అంది రుబియెలా. "చిన్నప్పుడు నా ఒళ్ళో నిద్రపోయేది. ఇప్పుడు చూశావుగా. నేనైతే ఆవిణ్ణి తప్పు పట్టను. నా చేత్తో నొక్కాను, వాళ్ళ నాన్న పోయాడు. రాత్రిళ్ళు పడుకుంటే నాకూ ఆ వేలే కనిపిస్తుంది." పొయ్యిలోకి చూస్తూ అంది, ఫిర్యాదులా కాదు. తర్వాత తలెత్తి, "నువ్వేదో అంటున్నావు," అంది.

"ఏం లేదు. బావుంది అరేపా," అంది లెయ్దీ.

*

కాపలా గది మునిసిపల్ ఆఫీసు కింది అంతస్తులో, ఏటి వైపు కిటికీతో ఉంటుంది. కొత్త ప్రోగ్రాము లెయ్దీ నిన్న బస్సు దిగగానే పెట్టేసింది, ఇక కొత్త మనిషికి అది నేర్పాలని వచ్చింది గానీ అతను ఇంకా రాలేదు. స్క్రీన్ ముందు కూర్చుంది. ఆకుపచ్చ రంగులో 62. నిన్నటి వానకి ఇంకా ఎక్కువుండాలే అనుకుంది, సరేలే అనుకుంది.

కాసేపటికి అటు చూస్తే 62. టీ తెచ్చుకుని చూస్తే 62. ఏరు అన్నాక ఒక మాట మీద నిలవదు. అరవై ఒకటి అంటుంది, అరవై నాలుగు అంటుంది, ఒక దుంగ అడ్డం పడితే డెబ్భై అంటుంది. ఇది మాత్రం ఊపిరి బిగబట్టినట్టు ఒకే అంకె మీద ఉంది. లెయ్దీ కప్పు పక్కన పెట్టింది.

పరికరం నుంచి వచ్చిన అసలు రాతల్ని తెరిచింది. మార్చకముందు, సర్దకముందు, ఎలా వచ్చినవి అలాగే ఉండే చోటు అది. పైనుంచి కిందిదాకా ఒకటే వరస: 0. 0. 0. 0.

ముందు ఆమెకి కలిగింది సంతోషం. పనివాళ్ళ సంతోషం, తప్పు దొరికినప్పటిది. ఆ భాషలో 'ఉందా' అని అడిగితే సున్నా అంకెని లేదు కిందే లెక్కేస్తుంది. అదే సున్నా రాతగా ఉంటే, ఉన్నదే అంటుంది. ఇన్నేళ్ళూ సున్నా రాతగా వచ్చేది, ఎప్పుడైనా వస్తే దాన్ని సున్నాగానే చూపించేది. మొన్న లెయ్దీ అన్నింటినీ అంకెలు చేసింది. ఇక పరికరం సున్నా అన్నా, అసలేమీ అనకపోయినా, కింద వరసకి రెండూ ఒకటే. ఏమీ చెప్పలేదనుకుని కిందటి అంకెనే పట్టుకు కూర్చుంది. అయిదు నిమిషాల పని, రాసెయ్యొచ్చు అనుకుంటూ వేళ్ళు కీబోర్డు మీద పెట్టింది.

అప్పుడు ఆ వేళ్ళు ఆగాయి. సిగ్నల్ పోతే ఖాళీ వస్తుంది, సున్నా రాదు. పరికరం బాగానే ఉంది. కొండల మధ్య నిలబడి అది నిజమే చెప్తోంది, ఇక్కడ నీళ్ళు లేవు అని. వారం రోజుల వాన, ఇప్పటికీ కిటికీ మీద చినుకులు, అయినా పైన ఏట్లో నీళ్ళు లేవు. లేకపోతే ఎక్కడికి పోయాయి?

కిటికీ తెరిచింది. రాత్రంతా గోడల్లోంచి వినిపించిన చప్పుడు ఇప్పుడు లేదు. రాళ్ళు బయటపడి మెరుస్తున్నాయి. మధ్యలో ఒక పాయ, పక్క వాగు తెచ్చేది, కాలవలా పారుతోంది. గుంటల్లో చిక్కుకున్న చేపల కోసం జనం బకెట్లూ గంపలూ పట్టుకుని ఏట్లోకి దిగారు. ఎవరో పిల్లని భుజాల మీద కూర్చోబెట్టుకున్నారు. నవ్వులు వినిపిస్తున్నాయి. లెయ్దీ ఎగువకి, కొండల వైపు చూసింది. పైన ఎక్కడో కొండ జారి ఏటికి అడ్డం పడింది. దాని వెనక వారం రోజుల వాన నిలబడి ఉంది.

మేడమెట్లు ఒక్క ఉరుకులో ఎక్కింది. నోర్బెర్తో ఫోన్లో ఉన్నాడు, వేలెత్తి ఆగమన్నాడు. ఆమె ఆగలేదు, ఆయన మాట మీదే మాట్లాడేసింది. ఆయన ఫోన్ పెట్టి, తన బల్ల మీది స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. ఆకుపచ్చగా 62.

"నీళ్ళు పెరిగితే సైరన్ అన్నారు, సరే. తగ్గితే కూడా సైరన్ అంటారా?"

"ఆ అరవై రెండు అబద్ధం. మొన్న నేనే పాడుచేశాను. ఆ రోజు ఎరుపు కూడా మా తప్పే. దోన్యా రుబియెలాది కాదు."

నోర్బెర్తో ఆమె వైపు చూశాడు. చెడ్డవాడిలా కాదు, అలిసిన మనిషిలా చూశాడు.

"విచారణలో లోపం లేదన్నారు కదా."

"నేను ఏమీ అనలేదు."

"అదే మేము రాసుకున్నాం." సొరుగు తెరిచి తాళం చూసుకుని మళ్ళీ మూశాడు. "మీ ప్రోగ్రాము రెండుసార్లు అబద్ధమాడిందని మీరే అంటున్నారు. ఇప్పుడు మీ మాట మీద సైరన్ నొక్కి ఇంకొకణ్ణి చంపనా? మీ సార్‌ని ఫోన్ చెయ్యమనండి. ఆయన చెప్తే చూద్దాం."

ఫాబియాన్ రెండోసారికి ఎత్తాడు. విన్నాడు. విన్నాక ఆయన అడిగింది ఏటి గురించి కాదు, ఆ ఎరుపు సంగతి నోర్బెర్తోకి చెప్పావా అని. చెప్పానంది. ఇంకెవరితో ఏమీ మాట్లాడకు, నేను బయల్దేరుతున్నాను అన్నాడు. మనిసాలెస్ నుంచి ఆ దారిలో రావాలంటే సగం రోజు.

*

రుబియెలా పొయ్యి దగ్గరికి వెళ్ళేసరికి లెయ్దీకి ఊపిరి అందడం లేదు. అయినా చెప్పడం ఈసారి ముందు నుంచే మొదలుపెట్టింది. ఆ రోజు స్క్రీన్ తప్పు, తమ తప్పు, మీరు చేసింది సరైనదే అంది. తర్వాత సున్నాల సంగతి చెప్పింది. రుబియెలా చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. అరేపా ఒక పక్క మాడుతోంది.

"ఎప్పుడు తెలిసింది నీకు? ఆ ఎరుపు సంగతి?"

"విచారణకి ముందే."

రుబియెలా వంగి పొయ్యి ఆర్పింది. మాడిన అరేపాని తీసి పక్కన పడేసింది. ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుంది, ఒక్కొక్క వేలూ విడిగా.

"నీతో తర్వాత మాట్లాడతాను," అంది. "నడువు."

ఒడ్డు దిగుతూనే రుబియెలా గొంతెత్తి అరిచింది, పైకి వచ్చెయ్యండి, వానకి ఏరు ఇలా ఎండదు, నీళ్ళు పైన ఆగాయి అని. ఆవిణ్ణి చూసి కొందరు నడుం ఎత్తారు. ఒకడు నవ్వి, "ఈసారి ఎవర్ని పైకి పంపిద్దామని, దోన్యా?" అన్నాడు. ఆ నవ్వు గంపల మీదుగా అటునించి ఇటు పాకింది. మూడు వారాలుగా ఆ మాటనే మోసుకు తిరుగుతోంది రుబియెలా. ఇక్కడ అందరి ముందూ అది పడేసరికి ఒడ్డునే ఆగిపోయింది.

గుంటలో మోకాళ్ళ లోతు నీళ్ళలో ఎదిల్మా ఉంది. లెయ్దీ బూట్లతోనే రాళ్ళ మీద జారుతూ ఆమె దగ్గరికి వెళ్ళింది. తడి మట్టి వాసన ముక్కుకి గట్టిగా కొట్టింది. ఏటి మీదుగా గాలి అసలు లేదు.

"నా పేరు లెయ్దీ. ఆ స్క్రీన్ ప్రోగ్రాము మాది," అంది. అందరికీ వినపడేలా అనాలని గొంతు పెంచింది. "ఆ రోజు ఎర్రబడింది మా తప్పు వల్ల. ఎర్రబడితే నొక్కాలి, దోన్యా రుబియెలా నొక్కింది. మీ నాన్నని చంపింది ఆవిడ కాదు. నాకు తెలిసి కూడా విచారణలో చెప్పలేదు. ఇప్పుడు కూడా స్క్రీన్ తప్పే చూపిస్తోంది. నీళ్ళు వస్తాయి. దయచేసి పైకి రండి."

ఎదిల్మా కదల్లేదు. చేతిలో బకెట్టు, అందులో నాలుగు చేపలు కొట్టుకుంటున్నాయి. ఆమె లెయ్దీ మొహం చూసింది, ఒడ్డున నిలబడ్డ రుబియెలాని చూసింది, ఎగువకి, కొండలు కలిసే చోటికి చూసింది. అక్కడ మబ్బు తప్ప ఏమీ లేదు. తర్వాత బకెట్టు వంచేసింది. చేపలు గుంటలోకి జారాయి.

"పైకి నడవండి," అంది ఎదిల్మా, వెనకవాళ్ళతో. పెద్దగా అనలేదు. "నేను పోతున్నాను. మా అమ్మని తీసుకుపోతున్నాను."

సైరన్ మాటకి నవ్వేవాళ్ళున్నారు, రుబియెలా మాటకి నవ్వారు. ఎదిల్మా మాటకి మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ఒకడు గంప వదిలేశాడు. భుజాల మీద పిల్లనెత్తుకున్నతను ముందు నడిచాడు. రుబియెలా కూడా అప్పుడు కదిలింది. ఏటి వీధిలో తలుపు తలుపూ కొడుతూ, ఎవరి ఇంట్లో ఎవరు మంచంలో ఉన్నారో, ఎవరికి చెవులు వినపడవో తెలిసిన మనిషి కాబట్టి ఆ ఇళ్ళే ముందు చూసుకుంటూ పోయింది. లెయ్దీ ఒక ముసలాయన్ని, ఆయన కుట్టు మిషను వదలనంటుంటే, మిషనుతో సహా ఇంకో ఇద్దరి చేత మోయించింది.

*

కాఫీ తోట వాలు మీద సగం దూరం ఎక్కారో లేదో కింద నేల వణికింది. చప్పుడు తర్వాత వచ్చింది, వంద లారీల రాళ్ళు ఒక్కసారే గుమ్మరించినట్టు. కొండ మలుపు దగ్గర ముందు నీళ్ళు కనిపించలేదు, చెట్లు నిలువునా నడుస్తూ రావడం కనిపించింది. వాటి కింద నల్లటి బురద. వంతెన ఎటు పోయిందో ఎవరూ చూడలేదు, చూసేసరికి లేదు.

అప్పుడు సైరన్ మోగింది. నోర్బెర్తో నొక్కాడు. మునిసిపల్ ఆఫీసు మేడ మీద నుంచి ఆ కూత తోటలోకి సన్నగా ఎక్కి వచ్చింది, పెరిగింది, మధ్యలో తెగిపోయింది. జనం ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. మళ్ళీ మోగుతుందేమోనని చెవులు అటే పెట్టారు.

రుబియెలా కాఫీ మొక్కల మధ్య తిరుగుతూ పేర్లు పిలుస్తోంది. కొన్ని పేర్లకి పలుకు వస్తోంది. రాని పేర్లని ఆవిడ రెండోసారి పిలుస్తోంది, మూడోసారి పిలుస్తోంది. లెయ్దీ జేబులో ఫోను మోగింది, ఫాబియాన్. ఆమె దాన్ని మోగనిచ్చింది.

ఎదిల్మా వచ్చి ఎదురుగా నిలబడింది. నల్ల చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. కృతజ్ఞత చెప్తుందేమోనని ఒక్క క్షణం లెయ్దీకి ఆశ కలిగింది, కలిగినందుకు అసహ్యం వేసింది.

"మా అమ్మ అక్కడ కూర్చుంది," అంది ఎదిల్మా. "నాకు చెప్పినట్టు ఆవిడకీ చెప్పు. నేను చెప్పను. నువ్వే చెప్పాలి."

గోనెపట్టా కప్పుకుని ఒక రాయి మీద కూర్చుని ఉంది ముసలావిడ. లెయ్దీ వెళ్ళి బురదలో మోకాళ్ళ మీద కూర్చుంది. ముసలావిడ ఆమె తడి జుట్టు చూసి, పట్టా అంచు ఎత్తి, లోపలికి రా తల్లీ, తడుస్తున్నావు అంది. లెయ్దీ లోపలికి వెళ్ళలేదు. బయటే ఉండి మొత్తం చెప్పింది, నూటయాభై సంగతి, ఎరుపు సంగతి, జీపులో ఫాబియాన్ అన్న మాట, బల్ల దగ్గర ల్యాప్‌టాప్ మూసిన సంగతి. ముసలావిడకి అంకెలూ రాతలూ పట్టలేదు. చివరిది పట్టింది. పట్టా అంచు చేతిలోంచి జారిపోయింది.

"అడిగారన్నావు కదా నిన్ను. మరి అప్పుడే చెప్పలేదేం?" అంది.

లెయ్దీ తల వంచుకుంది. ముసలావిడ మాత్రం ఆ మౌనాన్ని తనకి తోచినట్టు సర్దుకోలేదు. వానలో ఆమె మొహంలోకి చూస్తూ, జవాబు వచ్చేదాకా కాచుకుని కూర్చుంది.